పొరక నుంచి రోబో దాకా: మన ఇళ్ళ నేల కథ



పోయిన ఆదివారం అగర చెరువు గట్టు మీద నడక అయ్యాక ముగ్గురు సభ్యులు మమ్మల్ని ఆపి అడిగారు. "మీ ఇంట్లో ఇల్లు తుడిచే రోబో ఉందంట కదా, ఏది కొంటే మంచిది? అంత డబ్బు పెట్టొచ్చా?" అని. వాళ్ళ పక్కనే నిలబడ్డ ఒక పెద్దావిడ ఇంకో ప్రశ్న వేశారు. "మరి మీ ఇంటికి పనికొచ్చే ఆమె ఏమైంది?" అన్నారు. మొదటి ప్రశ్నకి అక్కడే తోచింది చెప్పేశాం. రెండోదానికి ఏదో నవ్వి ఇంటికొచ్చేశాం. వారం నుంచి అది మనసులో తిరుగుతూనే ఉంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాం. తీరిక ఉన్నవాళ్ళు చదవండి.

మా తెలుగులో తప్పులుంటే ఎప్పట్లాగే సర్దుకోవాలి. మాది హొసూరు పక్క పల్లె. 1956లో రాష్ట్రాల గీతలు గీసినప్పుడు మా తాలూకా మద్రాసులోనే ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు రైల్వేలో గుమాస్తా ఉద్యోగం వచ్చాక, పేపరు చూసి నేర్చుకున్నవే. చీపురు అనే మాట మొదటిసారి పేపర్లో చదివినప్పుడు అదేదో కొత్త వస్తువనుకున్నాం. మాకది పొరక. కన్నడం వాళ్ళకి పొరకె. బడిలో తుడైప్పం. ఊడ్చేది మాత్రం ఒకే కసువు.

మా ఇంటి నేల మట్టి నేల. అమ్మ వారానికోసారి పేడతో అలికేది. అలికిన చోట కాలు పెడితే వీపు పగిలేది. తెల్లారకముందే వాకిట్లో పేడనీళ్ళు చల్లి, కొబ్బరి ఈనెల పొరకతో చిమ్మి, ముగ్గు పెట్టేది. లోపలికి మెత్తని గడ్డి పొరక వేరే. ఇప్పుడు అంగళ్ళలో కొనే కొండచీపుర్లలో కొన్ని మన్యంలో గిరిజనులు కోసి తెచ్చే గడ్డితో కట్టినవి. మట్టి నేల తర్వాత కాస్త ఉన్నవాళ్ళ ఇళ్ళలో కడప బండలు, బెంగళూరులో అయితే ఎర్ర ఆక్సైడు గచ్చు, ఆ తర్వాత మొజాయిక్. మేము మొదటిసారి రైల్వే క్వార్టర్స్‌లో చేరినప్పుడు సిమెంటు గచ్చు చూసి, మా ఆవిడ "ఇంక అలకక్కర్లేదు" అని సంతోషపడింది. అలకడం పోయింది, రోజూ తడిగుడ్డ పెట్టి తుడవడం వచ్చింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మన నేలల కథంతా దీని మీదే నడుస్తుంది: మనవి తివాచీ లేని నేలలు, రోజూ తడి తగలాల్సిన నేలలు.

వాక్యూం క్లీనరు పుట్టింది అలాంటి నేల కోసం కాదు, తివాచీ కోసం. 1876లో అమెరికాలో మెల్‌విల్ బిస్సెల్ అనే పింగాణీ సామాన్ల వ్యాపారి, అంగట్లో తివాచీ మీద పడే రంపపు పొట్టుతో విసిగి, తోస్తే బ్రష్ తిరిగే ఒక పెట్టె చేశాడు. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, గాలి ఊది దుమ్ము లేపే ఒక మిషన్ ప్రదర్శన చూశాడు. ఊదితే దుమ్ము లేచి మళ్ళీ అక్కడే పడుతోంది కదా, పీలిస్తే పోదా అనుకున్నాడు. హోటల్లో కుర్చీ మెత్త మీద చేతిరుమాలు పరిచి నోటితో పీల్చి చూశాడట. దగ్గొచ్చింది గానీ రుమాలుకి దుమ్ము అంటుకుంది. ఆ దగ్గులోంచే వాక్యూం క్లీనరు పుట్టింది. ఆయన మిషన్ ఇంట్లోకి పట్టేది కాదు. గుర్రబ్బండి మీద వీధిలో నిలబెట్టి, కిటికీల్లోంచి పొడుగాటి గొట్టాలు లోపలికి వేసేవారు. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో తివాచీలు దీనితోనే శుభ్రం చేశారు.

దాన్ని చేతికందేలా చేసినవాడు ఇంజనీరు కాదు, ఊడ్చేవాడు. జేమ్స్ ముర్రే స్పాంగ్లర్, ఒహాయోలోని కాంటన్ ఊళ్ళో ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు, ఆస్తమా మనిషి. దుమ్ముకి ఊపిరాడక, ఫ్యాను మోటారు, సబ్బుపెట్టె, దిండుగలీబు, పొరక కర్ర కలిపి ఒక మిషన్ కట్టుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. హక్కులు మాత్రం తోలు సామాన్లు చేసే హూవర్‌కి అమ్ముకున్నాడు. ప్రపంచానికి హూవర్ పేరే తెలిసింది. కనిపెట్టినవాడి పేరు మనలో ఎంతమంది విన్నాం?

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. రైల్వే వాళ్ళకి వాక్యూం అంటే చాలా కాలం దుమ్ము కాదు, బ్రేకు. పాత బండ్లలో ఇంజన్ నుంచి గార్డు పెట్టె దాకా ఒక గొట్టంలో గాలి లాగేసి ఉంచేవారు. ఆ శూన్యం ఉన్నంతసేపు బ్రేకులు వదిలి ఉంటాయి, గొట్టంలోకి గాలి దూరితే పట్టుకుంటాయి. గొలుసు లాగితే బండి ఆగింది ఇందుకే. గేజిలో ఉండాల్సిన లెక్క 510 మిల్లీమీటర్ల పాదరసం. దాన్ని ఇప్పటి రోబో అట్టపెట్టెల మీద రాసే పాస్కల్స్‌లోకి మారిస్తే సుమారు 68,000. నేటి ఖరీదైన రోబోలు 20,000, 22,000 పాస్కల్స్ అని గొప్పగా రాసుకుంటున్నాయి. కాబట్టి మన పాత ప్యాసింజరు బండి ఏ రోబోకీ తీసిపోదు! అయితే అది కసువు ఊడ్వలేదు. ఎందుకంటే పాస్కల్ చెప్పేది పీల్పు ఒత్తిడి ఒక్కటే. దుమ్ము కదలాలంటే నిమిషానికి ఎంత గాలి పారుతుంది, బ్రష్ నేలకి ఎంత ఆనుతుంది అన్నది కూడా కావాలి. గచ్చు మీద, టైల్స్ మీద 5,000కీ 20,000కీ తేడా కంటికి కనపడదు. ఆ పెద్ద అంకె తివాచీ ఉన్న ఇంటికి. దానికోసం అదనంగా డబ్బు పెట్టాలనుకునేవాళ్ళు ముందు ఇంట్లో తివాచీ ఉందో లేదో చూసుకోండి.

మన దేశంలో ఇంటింటికీ వాక్యూం క్లీనరు తెచ్చింది 1982లో టాటాలకు చెందిన ఫోర్బ్స్, స్వీడన్ ఎలక్ట్రోలక్స్ కలిసి పెట్టిన యురేకా ఫోర్బ్స్. మెడకి టై కట్టిన కుర్రాళ్ళు ఎండలో తలుపు తట్టి, మన పరుపు మీదే మిషన్ నడిపి, తెల్ల గుడ్డ మీద నల్లటి దుమ్ము పోసి చూపించేవారు. ఆడవాళ్ళకి సిగ్గు, మగవాళ్ళకి కోపం. మా క్వార్టర్స్ వరుసలో నాలుగు కుటుంబాలు వాయిదాల్లో కొన్నాయి. ఏడాది తిరక్కుండా నాలుగూ అటకెక్కాయి. మిషన్‌ది తప్పు కాదు. తివాచీ లేని ఇంట్లో పీల్చేది తక్కువ, తుడిచేది ఎక్కువ. తుడవడం దానికి రాదు. పైగా పొరక ఐదు నిమిషాల్లో చేసే పనికి వైరు విప్పి చుట్టడానికే పది నిమిషాలు.

ఇక మనిషి తొయ్యకుండా తిరిగే మిషన్. స్వీడన్ వాళ్ళు 1996లో నమూనా చూపించి, 2001లో ట్రైలోబైట్ అనే పేరుతో అమ్మారు. గబ్బిలంలా శబ్దం పంపి అడ్డం కనుక్కునేది, ఖరీదు చాలా ఎక్కువ. మరుసటి ఏడాది, 2002లో, అమెరికాలో ఐరోబోట్ సంస్థ రూంబా తెచ్చింది, 200 డాలర్ల లోపే. ఆ సంస్థని 1990లో పెట్టింది ఎం.ఐ.టి.కి చెందిన ముగ్గురు: రాడ్నీ బ్రూక్స్, కోలిన్ యాంగిల్, హెలెన్ గ్రైనర్. బాంబులు వెతికే రోబోలు కూడా వాళ్ళవే. మొదటి రూంబాకి దారి తెలీదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు తగిలిన చోటల్లా తిరిగి, ఎప్పటికో గదంతా పూర్తి చేసేది.

కళ్ళు 2010లో వచ్చాయి. నీటో అనే సంస్థ మిషన్ నెత్తిన తిరిగే లేజరు పెట్టి, గది పటం తానే గీసుకునేలా చేసింది. ఆ తర్వాత కథ చైనాకి మారింది. సూజౌలో 1998 నుంచి ఉన్న ఎకోవాక్స్, బీజింగులో 2014లో మొదలైన రోబోరాక్, వాటి తర్వాత నార్వాల్, డ్రీమీ. మన దగ్గర గురుగ్రాం నుంచి మిలాగ్రో కూడా పదేళ్ళ పైనుంచే అమ్ముతోంది. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ మధ్యలో, షావోమీ తుడిచే రోబోని మన దేశంలో ముందస్తు బుకింగులకి పెట్టింది. పనివాళ్ళు రాలేని ఆ నెలల్లోనే మన లేఅవుట్‌లో చాలామందికి ఈ వస్తువు పేరు తెలిసింది. దారి వేసిన వాళ్ళ గతి చూడండి: నీటో 2023లో మూతపడింది. ఐరోబోట్‌ని 170 కోట్ల డాలర్లకి కొంటామన్న అమెజాన్, యూరప్ అధికారుల అభ్యంతరాలతో 2024 జనవరిలో వెనక్కి తగ్గింది. 2025 డిసెంబరులో ఐరోబోట్ దివాలా కోర్టుకెక్కింది, తన మిషన్లు తయారు చేసిపెట్టే చైనా కంపెనీ చేతికే పోయింది.

మన నేలకి పనికొచ్చే అసలు మార్పు లేజరు కాదు, తడిగుడ్డ. మొదట్లో వెనకాల ఒక తడి బట్ట కట్టి ఈడ్చుకుపోయేవి, మురికిని హాల్లోంచి పడకగదికి మోసేవి. నార్వాల్ రెండు గుడ్డలు తిప్పి, తన గూట్లోకి వెళ్ళి తానే ఉతుక్కునే మిషన్ తెచ్చింది. రోబోరాక్ 2021లో గుడ్డని వణికించి రుద్దడం, తివాచీ వస్తే పైకెత్తడం తెచ్చింది. ఇప్పుడు పై రకాల్లో గూడే వేడినీళ్ళతో గుడ్డ ఉతుకుతుంది, వేడిగాలితో ఆరబెడుతుంది, దుమ్ము సంచిలోకి లాక్కుంటుంది. కొత్తగా రోలరు రకం వచ్చింది, తిరుగుతూనే మంచినీళ్ళు తీసుకుని మురికినీళ్ళు వేరు చేస్తుంది. సాంబారు చుక్కకీ, దీపం నూనెకీ మాకు రోలరు రకమే నచ్చింది. మా ఇంట్లోది తిరిగే గుడ్డల రకం. తొందరపడ్డాం.

గడప సంగతి చాలామంది అడగరు, కొన్నాక తెలుస్తుంది. మామూలు రోబో రెండు సెంటీమీటర్లు ఎక్కుతుంది. మన గడపలు, బాత్రూం దిమ్మెలు అంతకన్నా ఎత్తు. 2025లో డ్రీమీ కాళ్ళ లాంటివి చాపి ఆరు సెంటీమీటర్ల దాకా ఎక్కే మిషన్ చూపించింది, అదీ మెట్టు రెండంచెలుగా ఉంటేనే. ఇంకొకటి నల్ల గ్రానైటు. మా కృష్ణగిరి రాయి ఎక్కడికెళ్ళినా పేరున్నదే, కానీ రోబో దాన్ని చూసి భయపడుతుంది. మెట్ల మీంచి పడకుండా అది అడుగున కంటికి కనపడని కాంతి పంపి, తిరిగొచ్చే వెలుగు చూసుకుంటుంది. నల్లరాయి ఆ వెలుగుని మింగేస్తే, ముందు గొయ్యి ఉందనుకుని ఆగిపోతుంది. మా వంటింటి అంచున నల్లపట్టీ దగ్గర మొదటి వారమంతా అది అలాగే నిలబడి ఏడ్చింది. ఇంక మన నీళ్ళు. బోరు, ట్యాంకరు నీళ్ళు పోస్తే గూట్లో తెల్లగా ఉప్పు కడుతుంది, నేల మీద పొర కనిపిస్తుంది. కావేరి నీళ్ళు పట్టి పెట్టుకోండి. ఫినాయిలు పొయ్యకండి, కంపెనీ చెప్పిన ద్రవమే వాడండి.

కెమెరా ఉన్నది కొనేముందు ఒకసారి ఆలోచించండి. వైర్లు, చెప్పులు తప్పించడానికి కెమెరా బాగా పనిచేస్తుంది, కాదనం. కానీ పరీక్షలో ఉన్న రోబోలు ఇళ్ళల్లో తీసిన ఫొటోలు, బాత్రూంలో ఉన్న మనిషిది సహా, బయటికి పొక్కినట్టు 2022 చివర్లో వార్తలొచ్చాయి. 2024లో అమెరికాలో కొన్ని ఇళ్ళల్లో ఎవరో దూరం నుంచి రోబోలని చేజిక్కించుకుని, వాటి స్పీకర్లలోంచి ఇంటివాళ్ళని తిట్టారు. ఆడపిల్లలున్న ఇంట్లో లేజరు ఒక్కటే ఉన్న రకం చాలని మా అభిప్రాయం. మొత్తం మీద, లక్ష చుట్టుపక్కల పెట్టేవాళ్ళు గూడు, గుడ్డ, దగ్గర్లో సర్వీసు చూడండి. పాస్కల్స్ చూడకండి.

ఇప్పుడు రెండో ప్రశ్న.

మేము గుమాస్తాలుగా సిబ్బంది కాగితాలు చూసిన రోజుల్లో, బోగీలు కడిగేవాళ్ళు సఫాయివాలాలనే పేరుతో మస్టర్‌లో ఉండేవారు. పిట్ లైను మీద, యాసిడ్ బకెట్టుతో, చేతుల చర్మం ఊడిపోయే పని. కానీ మస్టర్‌లో పేరుంది. జీతం, పి.ఎఫ్., పాసు, రైల్వే ఆసుపత్రి. 2000 తర్వాత మెల్లగా మిషన్లతో కడిగే కాంట్రాక్టులు వచ్చాయి. ఒత్తిడి నీటి జెట్లు, నేల రుద్దే మిషన్లు. పని శుభ్రంగానే జరిగింది, చేతులూ బతికాయి. మిషన్ వద్దనేవాడు ఆ యాసిడ్ బకెట్టు ఒక్కరోజు మోసి చూడాలి. ఎవర్నీ తీసెయ్యలేదు కూడా. ఒక్కొక్కరే రిటైరవుతుంటే, ఆ పోస్టు సరెండర్ అని కాగితం టైపు చేసేవాళ్ళం. ఎన్ని టైపు చేశామో లెక్క పెట్టలేదు. ఒకరోజు అలా రిటైరైన ఒకాయన కొడుకు కాంట్రాక్టరు ఇచ్చిన చొక్కాతో కనిపించాడు. అదే పిట్ లైను, అదే బోగీలు. వాళ్ళ నాన్న పేరు ఉన్న రిజిస్టరు మా బీరువాలో ఉంది, వాడి పేరు మా దగ్గర ఏ కాగితంలోనూ లేదు. ఆ రోజు మాకేమీ అనిపించలేదు, నిజం చెప్పాలి. సంతకానికి పంపే కాగితాల్లో అదొకటి.

రోబో అనే మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకంలో వచ్చింది. వాళ్ళ భాషలో రొబోటా అంటే వెట్టిచాకిరీ. మాట చెప్పింది ఆయన అన్న జోసెఫ్ అంటారు. వెట్టి మిషన్‌కి పోతే మంచిదే. కానీ వెట్టితోపాటు కూలీ కూడా పోతుంది, అదే చిక్కు.

మా ఇంటికి వచ్చే ఆమె మంగమ్మనపాళ్య నుంచి వస్తుంది. మాలాగే సరిహద్దు తెలుగు, పొరక అంటుంది. ఐదిళ్ళు చేస్తుంది. బెంగళూరు లెక్క మీకు తెలుసు: గిన్నెలకింత, బండలకింత, బట్టలకింత. మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అబ్బాయి రోబో కొనిచ్చాడు. "నాన్నా, ఇంక బండల డబ్బు ఇవ్వక్కర్లేదు కదా" అన్నాడు. లెక్కకి సరిపోయింది, సరే అన్నాం. ఆ నెల 1,500 తగ్గించి ఇచ్చాం. ఆమె లెక్కపెట్టుకుని కొంగున కట్టుకుంది. "ఇంకో రెండిళ్ళల్లో కూడా తెస్తారంట సార్" అని మాత్రం అంది.

వరలక్ష్మీ వ్రతం నాడు పొద్దున్నే మా ఆవిడ దేవుడి గది ముందు బియ్యప్పిండి కలిపి తడిముగ్గు పెట్టింది. రోబోకి టైము పెట్టి ఉన్న సంగతి మర్చిపోయాం. అది వచ్చి ముగ్గు మీదుగా పోయి, హాలంతా తెల్ల చారలు గీసి, సోఫా కిందికి దూరింది. చుట్టాలు వచ్చే వేళ. ఆమె గిన్నెలు వదిలి, గుడ్డ తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని పావుగంటలో అంతా తుడిచింది. తర్వాత రోబోని తిరగేసి, బ్రష్‌కి చుట్టుకున్న మా ఆవిడ వెంట్రుకలు కత్తెరతో కోసింది. మురికినీళ్ళ డబ్బా పట్టుకుని ముక్కు మూసుకుంది. "సార్, ఇది రోజూ కడగాల. మూడు దినాలు వదిలేసినారు, చూడండి ఎట్ల కుళ్ళిందో" అంది. ఆ పని ఆమె అప్పటికే రెండు నెలలుగా చేస్తోందని అప్పుడు తెలిసింది. మేము మిషన్ దానంతటదే శుభ్రం చేసుకుంటోందని ఊళ్ళో చెప్పుకుంటున్నాం.

ఆ నెల బండల డబ్బు మళ్ళీ కలిపి ఇచ్చాం, పోయిన రెండు నెలల బాకీ కూడా. ఇప్పుడు మూలలు, కుక్కరు వెనక, బాల్కనీ, మిషన్ గూడు ఆమెవి. హాలు మిషన్‌ది. మా అబ్బాయి కొంచెం మూతి ముడిచాడు. వాడికి మస్టర్ రోల్ సంగతి చెప్పాం. విన్నాడు, ఏమీ అనలేదు.

ఇది దయ అని రాయడం లేదు. 2004లో ఇంటిపనివాళ్ళకి కనీస వేతనం నిర్ణయించిన రాష్ట్రం మనది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపనికి ఒప్పందం రాసింది, మన దేశం ఇంకా ఆమోదించలేదు. ఈ లెక్కలు తెలిసినవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు, రిటైరైన లేబర్ ఆఫీసు వాళ్ళతో సహా. మా ప్రతిపాదన చిన్నది: రోబో కొన్న సభ్యులు, ఇప్పటికే పనిచేస్తున్న మనిషికి బండల డబ్బు తగ్గించకూడదు, పని మార్చుకోవచ్చు. ఆమెకి ఆదివారం సెలవు. ఎవరి ఇంట్లో ఎవరు, ఎన్నేళ్ళుగా, ఎంతకి పనిచేస్తున్నారో వాళ్ళ ఇష్టంతో ఒక రిజిస్టరులో రాసి సంఘం ఆఫీసులో పెట్టాలి. రాసే పని మేము చేస్తాం, చేతివాటం ఇంకా పోలేదు.

వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో చేర్చమని కార్యదర్శి గారికి లేఖ ఇచ్చాం. వద్దనేవాళ్ళు కూడా రండి, వాదిద్దాం. మిషన్ చూడాలనుకునేవాళ్ళు శుక్రవారం తప్ప ఏ రోజైనా పొద్దున పదింటికి మా ఇంటికి రావచ్చు. శుక్రవారాలు ముగ్గు ఉంటుంది, ఆ రోజు దాన్ని బయటికి తియ్యం.